తారు ఆరని పెట్టె

మా పిన్ని పోయిందన్న కబురు నాకు బడిలో తెలిసింది. ఎలమంచిలిలో నేను పాఠాలు చెప్పే బడికి ఉన్నది ఒకే ఫోను, అది హెడ్మాస్టరుగారి గదిలో ఉంటుంది. అటెండరు వచ్చి పిలిస్తే చేతిలో సుద్దముక్కతోనే వెళ్ళాను. అవతల విశాఖపట్నం నుంచి బాబాయి. "మీ పిన్ని ఎలిపోయిందే అమ్మీ" అన్నాడు. ఎక్కడికి అని అడిగాను. నన్ను తప్పుపట్టకండి. మా పిన్ని గురించి ఎవరు ఆ మాట చెప్పినా మొదట అడగాల్సింది అదే. ఆవిడ పొద్దస్తమానం ఎక్కడికో ఒకచోటికి వెళ్ళిపోతూనే ఉండేది.

ఆస్పత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి మేడమెట్ల మీద కూర్చుందట. బాబాయి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చేసరికి అయిపోయింది. "మెట్టు మీద కూకుంది" అని ఆయన ఫోనులో మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఆవిడ పోవడం కంటే కూర్చోవడమే ఆయనకు అంతుపట్టలేదేమో. నాకూ అంతే.

బస్సెక్కాను. అనకాపల్లి దాటేదాకా ఏడుపు రాలేదు. కిటికీ పక్కన సీటు దొరికినా కుదురుగా కూర్చోలేక గాజువాక దగ్గర లేచి నిలబడ్డాను. సీటు ఉందమ్మా అని కండక్టరు చెప్పి చెప్పి ఊరుకున్నాడు. నా మనసులో పిన్నితో పాటు ఇంకో మనిషి తిరుగుతోంది. బాబాయి తల్లి, మామ్మ. కోడలి సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో, విని ఆవిడ ఏం చేసిందో బాబాయిని అడగనే లేదు. ఆ ముసలావిడ మళ్ళీ గోడవైపు తిరిగిపోతుందేమోనని నా భయం. ఆ భయం ఎందుకో మీకు అర్థం కావాలంటే ముందు మా పిన్ని గురించి, ఆవిడ కొట్టిన చెక్కపెట్టెల గురించి చెప్పాలి.

డెబ్భైల్లో డిగ్రీ చదవడానికి నేను వాళ్ళింటికి వచ్చాను. చేపలరేవుకు దగ్గరలో ఒక మేడ మీద రెండు గదులు, ముందు కాస్త డాబా. పిన్ని నర్సు. బాబాయి పోర్టులో క్రేను నడిపేవాడు. ఆయన నెమ్మది మనిషి. ఆయన ఒక మాట మొదలుపెట్టి ముగించేలోగా పిన్ని బియ్యం కడిగి పొయ్యి మీద పడేసేది. అన్నం నిలబడి తినేది. జడ నడుస్తూ అల్లుకునేది. నన్ను చదువుకోమని కూర్చోబెట్టి, నేను పుస్తకం తెరిచేలోపే "అయిందేటే?" అని అడిగేది. కాసేపు కూర్చోరాదా పిన్నీ అంటే, "కూకుంటే కాళ్ళు ఏర్లు తన్నేత్తాయే" అనేది. బేగి అన్నది ఆవిడ ఊతపదం. బేగి తిను, బేగి రా, బేగి ఏడ్చేసి లేచిపో. సూదిమందు కూడా రోగికి తెలిసేలోపే పొడిచేసేదని ఆస్పత్రిలో పేరు. అందుకని సూదంటే హడలిపోయేవాళ్ళంతా ఆవిడే కావాలనేవారట.

అలాంటి ఇంటికి మామ్మ వచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని గాజువాక అవతల ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. అందులో బాబాయి వాళ్ళ ఊరొకటి. మామ్మ పెంకుటిల్లు, ఆవిడ చేతుల మీద పండిన మెట్టపొలం, రెండూ పోయాయి. కొడుకు వెళ్ళి తీసుకొచ్చాడు. ఒక ట్రంకుపెట్టె, కొంగున ముడేసుకున్న చిక్కుడుగింజలు తప్ప ఆవిడ ఏమీ తెచ్చుకోలేదు. వచ్చిన రోజునే లోపలి గదిలో చాప పరుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఇక మాట లేదు. పెడితే నాలుగు మెతుకులు తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. చూస్తూండగానే మనిషి చిక్కి సగమైంది. పిన్ని ఒక డాక్టరును బతిమాలి ఇంటికి తీసుకొచ్చింది. జబ్బేమీ లేదని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

"జబ్బు లేకండా మనుసులు సచ్చిపోడం నాను సూళ్ళేదనుకుంటన్నాడా?" అని పిన్ని వంటింట్లో గిన్నెలు విసిరికొట్టింది.

ఆ ముసలావిడను బతికించుకోవాలి. పిన్నికి అదే పట్టు. నేల మీద పని చేసిన చేతికి మన్ను తగిలితే మనిషి కదులుతుందని ఆవిడ ఆశ. డాబా మీద చిక్కుడుపాదు పెడతానంది. కుండీలు కొంటే సరిపోతుంది కదా అన్నాడు బాబాయి. పాదుకు వెడల్పు కావాలి, కుండీలో ఇరుక్కుని చస్తుందని పిన్ని కొట్టిపారేసింది. ఓడల్లో వచ్చే యంత్రాలను అప్పట్లో తెల్లటి పైదేశపు చెక్కతో చేసిన పెట్టెల్లో దింపేవారు. యంత్రం విప్పాక ఆ చెక్క పాతసామాన్ల కొట్టుకు చేరేది. బాబాయి రిక్షా నిండా వేయించుకొచ్చాడు. సుత్తి మాత్రం పిన్ని ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయన మేకు చూసి, ఆలోచించి, కొట్టేలోపు చిక్కుడు కాలం దాటిపోతుందని.

మొదటి పెట్టెకు ఏ పూతా లేదు. మన్ను పోసి, గింజల కోసం పిన్ని మామ్మ ముందు చెయ్యి చాచింది. మామ్మ గోడను చూస్తూనే కొంగుముడి వదులుచేసి కొన్ని గింజలు రాల్చింది. మా రేవు గాలి సంగతి తెలిసినవాళ్ళకు తర్వాత జరిగింది చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టాయి. చెక్క తడికి ఉబ్బింది, ఎండకు విచ్చుకుంది, అడుగు కుళ్ళింది. ఒకరోజు పెట్టె నాలుగు పక్కలకూ విడిపోయి మన్నంతా డాబా మీద కుప్పపడింది.

చెక్కకు తారు పూస్తే నీరు పట్టదని ఎవరో చెప్పారు. పిన్ని రోడ్డు పనివాళ్ళ దగ్గర డబ్బాడు తారు సంపాదించింది. రెండో పెట్టెకు లోపలా బయటా దట్టంగా పూసింది. ఇక అది ఆరాలి. ఆరేదాకా ఆగడం మా పిన్ని జన్మలో నేర్చుకోని విద్య. పూసి చెయ్యి కడుక్కోకముందే బొటనవేలు నొక్కి చూసేది. అంటుకునేది. కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి, కూరలో గరిటె తిప్పి, మళ్ళీ వచ్చి నొక్కేది. ఆవిడ చీరల్లో తారు మరక లేనిది పెళ్ళి చీర ఒక్కటే. పెట్టెల మీద వరసగా బొటనవేలి గుంటలు మిగిలేవి. చివరకు పూర్తిగా ఆరకుండానే మన్ను పోసేసింది. ఎండకు తారు మెత్తబడి మన్నులోకి దిగింది. మొలకలు రెండేసి ఆకులు వేసి మాడిపోయాయి.

అప్పటికి మామ్మ కొంగుముడి బాగా చిన్నదైపోయింది. అది మాత్రం పిన్నిని స్థిమితంగా ఉండనివ్వలేదు. ఆ చిక్కుడు ఆ ఊరిది. ఇప్పుడా ఊరే లేదు. ముడి ఖాళీ అయిపోతే ఇక ఆ గది గుమ్మంలో నిలబడి ఏమని చెయ్యి చాచాలి? ఆవిడ నాతో అలా అనలేదుగానీ, ఆస్పత్రికి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూసే చూపులో నాకు అదే కనిపించేది.

మా కింది వాటాలో పడవలు బాగుచేసే మేస్త్రి ఉండేవాడు. బాబాయితో బావా అంటే బావా అనుకునే చనువు. విరిగిన పెట్టెలు చూసి ఆయనకు జాలేసింది. "పడవకి సేసినట్టు సేసేద్దాం బావా, సుక్క దాటదు" అన్నాడు. అన్నట్టే చేశాడు. పలకల సందుల్లో నూనెలో ముంచిన దూది దూర్చి ఉలితో కొట్టాడు. గుగ్గిలం నూనెలో కాచి, లోపలంతా పట్టించాడు. నీళ్ళు నింపి పొద్దుటిదాకా వదిలేస్తే పెట్టె కింద నేల పొడిగానే ఉంది. పిన్ని, మేస్త్రి దాని చుట్టూ తిరిగి తిరిగి మురిసిపోయారు. సముద్రంలో పడేసినా తేలుతుందని ఆయన పందెం కాశాడు. తేలి ఉండేదే, నాకు సందేహం లేదు. పడవకు నీళ్ళు లోపలికి రాకూడదు, మొక్కల పెట్టెకు నీళ్ళు బయటికి పోవాలి. అంత చిన్న సంగతి ఆ ఇంట్లో మా ఎవరికీ తట్టలేదు. రేవు పక్కన బతికేవాళ్ళకు నీరు కారని చెక్క కంటే గొప్ప చెక్క ఉండదు మరి.

ఈసారి మామ్మ ముడిలో మిగిలినవన్నీ ఇచ్చేసింది. నమ్మి ఇచ్చిందో, విసిగి ఇచ్చిందో ఇప్పటికీ తెలియదు. మొలకలు బాగా వచ్చాయి. తీగ సాగింది. పిన్ని పురికొసలు కట్టింది. మామ్మ గదిలోంచి చూస్తే కనిపించేలా పెట్టెను గుమ్మానికి ఎదురుగా జరిపించింది. మామ్మ తల తిప్పలేదు.

అంతలో తుపాను పట్టింది. పగలూ రాత్రీ ఒకటే వాన. పిన్ని ఆస్పత్రిలోనే చిక్కుకుపోయింది. తెల్లారి ఇంటికొచ్చేసరికి పెట్టె నిండు తొట్టెలా ఉంది. ఆకులు పసుపురంగుకు తిరిగాయి. పిన్ని తెల్లచీర కూడా మార్చుకోకుండా చెంబుతో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. తోడినంతా వాన మళ్ళీ నింపుతోంది. ఆవిడ వానను తిడుతోంది, మేస్త్రిని తిడుతోంది, గొడుగు సరిగ్గా పట్టనందుకు నన్ను తిడుతోంది. అప్పుడు వెనక నుంచి నాకు తెలియని గొంతు వినిపించింది.

"నీల్లు ఎల్డానికి దారేదే?"

మామ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. పిన్ని చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. దారేంటత్తా అంది.

"సేలో నీల్లు నిలబడిపోతే గట్టు తెగ్గొట్టవా? ఏర్లకి ఊపిరాడక సత్తన్నాయి. ఇనపసువ్వ కాల్సి తే. బేగి తే."

బేగి అన్న మాట పిన్నితో ఇంకొకరు అనగా నేను వినడం అదే మొదలు. పిన్ని చువ్వ ఎర్రగా కాల్చి తెచ్చింది. మామ్మ వానలోనే చతికిలబడి, పెట్టె అడుగుపక్క చెక్కలో గుచ్చింది. గుగ్గిలం పొగ లేచింది. చువ్వ లాగగానే నల్లటి నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి డాబా మీద కాలువ కట్టాయి. మామ్మ మోచేతిదాకా మన్నులోకి చెయ్యి పెట్టి, ఏది చచ్చిందో ఏది బతికుందో వేళ్ళతో తడిమి చూసింది. ఒకటో రెండో తీగలు దక్కాయి. వానలో తడుస్తున్నాం కాబట్టి పిన్ని ఏడుస్తోందని చాలాసేపటిదాకా నాకు తెలియలేదు. నిలబడే ఏడ్చింది. ఆ పూట మామ్మ అన్నం అడిగి పెట్టించుకుంది.

పాపం, మేస్త్రి మాత్రం నొచ్చుకున్నాడు. పడవకు కావాలని బొక్క పెట్టినవాళ్ళను తన జన్మలో చూడలేదని బాబాయితో అని, కొన్నాళ్ళు మా మెట్లెక్కలేదు.

మామ్మను లేపడానికి పిన్ని కావాలనే బొక్కలు పెట్టలేదని తర్వాత్తర్వాత చుట్టాల్లో ఒక కథ పుట్టింది. నేను ఆవిడనే అడిగాను. "లేదే, నాకు నిజింగా తెల్దు" అంది. కాసేపటికి, "తెల్దు గనక సరిపోయింది" అంది. అని బజారుకు వెళ్ళిపోయింది. పొగడ్తను ముఖం మీద నిలవనివ్వని మనిషి.

అక్కడి నుంచి ఆ అత్తాకోడళ్ళు పెట్టెల మీద చేసిన పోట్లాటలు ఇన్నీ అన్నీ కావు. తారు వాసనే విషమని మామ్మ. తారు లేకపోతే చెక్క ఉండదని పిన్ని. పెట్టె నేల మీదే ఉండాలని మామ్మ మొండికేస్తే అడుగంతా చెదలు పట్టింది. అప్పుడు ఇటుకలు పెట్టడానికి ఒప్పుకుంది. అలా పడుతూ లేస్తూ వాళ్ళొక పద్ధతికి వచ్చారు. తారు బయటివైపే పూయాలి. లోపల యూరియా సంచిలోని ప్లాస్టిక్కు పొర పరిచి, పైఅంచున మాత్రమే మేకులు కొట్టాలి. అడుగున కాలిన చువ్వతో చిల్లులు పెట్టి, పొరను కూడా అక్కడే చీల్చాలి. చిల్లుల మీద పెంకుముక్కలు, వాటి మీద కొబ్బరిపీచు, ఆపైన మన్ను. కింద ఇటుకలు, గాలి ఆడాలి. ఏటా వానలకు ముందు పెట్టెలకు కొత్త పూత. బాబాయి ఆటోనగర్ పోయి తారుడబ్బా తెచ్చేవాడు. పిన్ని పూసేది, పూసిన మరుక్షణం బొటనవేలు నొక్కేది. మామ్మ గుమ్మంలో కూర్చుని "ఆరనీయే" అనేది. మళ్ళీ నొక్కేది. "ఆరనీయే, నీ సెయ్యి ఇరగ." ఆ ఇంట్లో ఎండాకాలం వచ్చిందని నాకు ఆ మాటతోనే తెలిసేది.

డాబా నిండిపోయింది. పెట్టెలు మెట్ల మీదికి దిగాయి. ఆస్పత్రి నర్సులు చిక్కుడుగింజలు పట్టుకెళ్ళారు. చివరకు మేస్త్రి కూడా ఒక పెట్టె అడిగాడు, బొక్కలతోనే.

నేను డిగ్రీలో తప్పినప్పుడు ముసుగుతన్ని పడుకున్నాను. పిన్ని ఓదార్చలేదు. దుప్పటి లాగేసి చేతిలో తారుకుంచె పెట్టింది. "ఏడిత్తే ఏడు, సెయ్యి మాత్రం ఆపకు" అంది. ఏడుస్తూనే ఒక పెట్టెంతా పూశాను. సాయంత్రానికి నాకు ఆకలేసింది. మళ్ళీ పరీక్షకు కట్టించి, కాలేజీ దాకా నాతో నడిచి, నాకంటే ముందు నడిచి, గేటు దగ్గర వదిలి వెళ్ళింది. ఇవాళ నేను బడిలో నల్లబల్ల ముందు నిలబడుతున్నానంటే ఆ కుంచె పుణ్యమే. ఈ మాట ఆవిడ బతికుండగా ఒకసారి చెప్పబోయాను. "సర్లే, పాలు పొంగిపోతన్నాయి సూడు" అంది.

నేను భయపడ్డట్టే అయింది. ఇల్లు చేరేసరికి మామ్మ లోపలి గదిలో, అదే చోట, చాప మీద గోడవైపు తిరిగి ఉంది. పిన్నిని తీసుకెళ్ళేటప్పుడు కూడా లేవలేదు. వచ్చినవాళ్ళు పలకరిస్తే పలకలేదు. బాబాయి కంచం పట్టుకుని తల్లి పక్కన కూర్చుని, అన్నం ఎండిపోయేదాకా కూర్చుని, లేచి వచ్చేసేవాడు. భార్య పోయిన దుఃఖం పడే తీరిక కూడా ఆయనకు లేదు. రోజులు గడిచాయి, కర్మ అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. బడికి సెలవు పొడిగించుకుని నేను ఉండిపోయాను. ఉండి చేసిందేమీ లేదు. కడిగిన గిన్నెలే కడిగాను, ఊడ్చిన గదే ఊడ్చాను. మామ్మ దగ్గర కూర్చుంటే నా కాళ్ళు ఆగేవి కావు. పిన్ని అయితే ఈపాటికి ఏదో ఒకటి చేసి ఉండేది, తప్పో ఒప్పో. నాకేమీ తోచక ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుండేది.

ఒక సాయంత్రం డాబా మీదికి వెళ్ళాను. మూలన కొత్త పెట్టె ఉంది. ఆఖరి డ్యూటీకి వెళ్ళేముందు పిన్ని తారు పూసి వెళ్ళిన పెట్టె. కుంచె డబ్బాలోనే ఉండిపోయింది. అప్పటినుంచీ ఒకటే మబ్బు, చెమ్మ. అంచు పొడుగునా ఆవిడ బొటనవేలి గుంటలు. వెళ్ళే తొందరలో కూడా అన్నిసార్లు నొక్కి చూసింది. అడుగున చిల్లులు ఇంకా పెట్టలేదు. నాకు ఏం చేయాలో తెలిసింది అనను. చేతులు ఊరుకోలేదు. పార తీసుకుని మూలనున్న మన్నుకుప్పలో గట్టిగా దించాను.

"ఆరిందేటి?"

వెనక్కి తిరిగాను. మామ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. తెలియదు మామ్మా అన్నాను. ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి పెట్టె పక్కన చతికిలబడింది. చూపు ఆనదు కాబట్టి వేళ్ళతో అంచు తడిమింది. ఒక గుంట దగ్గర ఆగింది, తర్వాతి దాని దగ్గర ఆగింది. అలా చివరిదాకా వెళ్ళింది. ఏడుస్తుందనుకున్నాను. "ఒక్కసోట ఉంటే గదా" అని గొణిగింది.

తర్వాత, ఇన్నేళ్ళూ కోడలి చెయ్యి విరగాలని తిట్టిన ఆ మనిషి, చివరి గుంట పక్కన తన బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు నల్లగా లేచింది. దాన్ని తెల్లచీర కొంగుకు తుడుచుకుంది.

"ఇంకా ఆర్లేదే. ఆరనీ. ఆరినాక సువ్వ కాల్సి తే" అంది.

లోపలికి రమ్మంటే రాలేదు. అన్నం అక్కడికే తెమ్మంది. బాబాయి కంచం తెచ్చి, తల్లి తింటూంటే మెట్టు మీద కూర్చుని తల వంచుకున్నాడు. రేవులోంచి ఓడ కూత వినిపించింది. నేను పార పక్కన పెట్టి మామ్మ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి మామ్మ చెయ్యి కడుక్కుని, మళ్ళీ బొటనవేలు పెట్టి చూసింది.